పద్దెనిమిది సీసాలు, ఒక ఒత్తు

కమ్మనహళ్లిలో మూడో అంతస్తు.
వాషింగ్ మెషిన్ వెనక నీలం డ్రమ్ములో
పన్నెండు రోజులుగా బుడగలు,
ఎవరో నిద్రలో గొణుగుతున్నట్టు.
ఓనరుకి గంజి పులియబెడుతున్నాం అని చెప్పాం.
ఆయన వాసన చూసి, నమ్మినట్టు తలూపి,
"ఆదాగ నమగూ ఒందు బాటల్" అని
మెట్లు దిగిపోయాడు.

రాగి మాల్టు, కాస్త బార్లీ, చిత్తూరు బెల్లం.
రుచి మేం అనుకున్నది కాదు.
రంగు మాత్రం అచ్చం
హెబ్బాళ ఫ్లైఓవర్ మీద బస్సు ఆగిపోయిన సాయంత్రం.
"పొద్దుగుంకు" అని పేరు పెట్టేసింది తబిత,
మూతి తుడుచుకోకుండానే.

పేరు పెట్టాక మొహం కావాలి కదా.

మొదటి సాఫ్ట్‌వేర్ నెలనెలా అద్దె అడిగింది.
ఈ కొంపకే పది నెలల అడ్వాన్సు కట్టినదాన్ని,
గీతలు గీసుకోడానికీ అద్దేనా?
వారం ఉచితం అంది.
ఆరో రోజు అర్ధరాత్రి ఉలిక్కిపడి లేచి
కార్డు నంబరు చెరిపేసి
చప్పుడు కాకుండా తలుపు దగ్గరికేసి వచ్చేశాను.

రెండోది అన్నీ వండి వడ్డించేది.
బీరు అని కొడితే చాలు,
గోధుమ కంకి, హాప్స్ పువ్వు, గడ్డం మనిషి.
గడ్డం తీసేస్తే ఇంకో గడ్డం.
నాలుగు వందల లేబుళ్లు,
ఒకే పెళ్లి ఫొటోలో నిలబెట్టిన చుట్టాల్లా.
మా రాగికి అందులో చోటు లేదు.
రాగి వెన్ను వేళ్లు ముడిచిన పిడికిలిలా ఉంటుందని
దానికి ఎవరు చెప్తారు?

మూడోది ఉచితం.
ఏ ఊరివాళ్లో రాత్రిళ్లు కూర్చుని
పుణ్యానికి కట్టిన సత్రం.
సత్రంలో స్విచ్చి ఎక్కడుందో మాత్రం ఎవరూ చెప్పరు.
గుండ్రం గీయడానికి ఒక ఆదివారం పోయింది.
వెన్ను గీయడానికి ఇంకొకటి.
తబిత చూసి "అల్లం కొమ్మా?" అంది.

సరేనని పేరు కొట్టాను.
ద నెత్తిన పొల్లు మొలిచింది.
కింద ఒదగాల్సిన ఒత్తు
పక్కకొచ్చి నిలబడింది, సీటు దొరకనివాడిలా.
పొద్ దుగుంకు.
ఫాంటు మార్చాను. సున్నా మాయం.
ఇంకోటి మార్చాను. కొమ్ము గాల్లో వేలాడింది.
పలక మీద ఒత్తు మరిచిపోతే
సుగుణమ్మ టీచరు కణుపుల మీద కొట్టేది.
ఈ లాప్‌టాప్‌కి కణుపులెక్కడ?

మూడు రాత్రులు.
సీసాల్లోకి నింపేశాం కూడా,
మాస్కింగ్ టేపు మీద ఒకటి, రెండు, మూడు అని అంకెలేసి.

నాలుగో రాత్రి ఒంటిగంటకి
మెనూ లోపల మెనూ, దాని లోపల ఒక గడి.
ఏమిటో తెలీదు, టిక్కు పెట్టాను.
పక్కన నిలబడ్డది మెల్లగా వంగి
ద కిందికి దూరి కాళ్లు ముడుచుకుంది.
కేకేశాను.
బీరు పొంగిందనుకుని
తబిత బక్కెట్టుతో పరిగెత్తుకొచ్చింది.

ప్రింటుకి వసంతప్ప జెరాక్సు.
స్టిక్కరు షీటు పదిహేను రూపాయలు.
కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి
కన్నడ నేర్చిన కళ్లతో కూడబలుక్కున్నాడు,
పొ... ద్దు...
"హంగందరె?"
"సూర్య. ముళుగోదు."
"ఓ, హొత్తు!"
ప పోయి హ వచ్చిందంతే.
వాళ్లకీ ఉంది కింద ఒక ఒత్తు.
షీటు డబ్బులు తీసుకున్నాడు గానీ
కత్తిరించినందుకు తీసుకోలేదు.

ఫ్రిజ్‌లోంచి తీసిన పది నిమిషాలకి
ఇంకు చెమటలు పట్టింది.
కాషాయం జారి చేతులకంటింది.
అడుగున ఉన్న రెండు సీసాలు వాటంతటవే పేలాయి,
అది వేరే కథ.

ఓనరు ఖాళీ సీసా కడిగి తెచ్చిచ్చాడు.
బాగుందనలేదు, బాలేదనలేదు.
లేబుల్ లేదు.
ఊడిపోయిందేమో అనుకున్నా.

మొన్న అద్దె ఇవ్వడానికి కిందికి వెళ్తే
మనవడి లెక్కల పుస్తకం అట్ట మీద ఉంది,
ఓ మూల నలిగి, మా పొద్దుగుంకు.
కింద పెన్సిలుతో వాడి పేరు, మూడో తరగతి, బి సెక్షను.
వాడు వేలు పెట్టి చూపిస్తూ అడిగాడు,
ఆంటీ, ఈ చెయ్యి ఎవరిది?